పికప్ బండికి డీజిల్ పొదుపు - క్వింటాలు లెక్క

మదనపల్లె మార్కెట్టు యార్డులో టమాటా ధర ఒక ఏడు ఆకాశము నంటును, మరియొక ఏడు నేలకు దిగును. 2023 జూలై మాసమున అచ్చట మేలురకము కాయ కిలో నూరు రూపాయలకు పైగా అమ్ముడుపోయినది. అదే కాయను కిలో రెండు మూడు రూపాయలకు అడుగువారు లేక రోడ్డు ప్రక్కన పారబోసిన రోజులను కూడ ఆ ప్రాంతపు రైతులు చూచియున్నారు. ధర నూరు రూపాయలున్న నాడు బండి ఖర్చు ఎవరికిని పట్టదు. ధర నాలుగు రూపాయలకు దిగిన నాడు మాత్రము కోత కూలి, క్రేట్ల అద్దె, కమీషను, డీజిల్ అన్నియు పోగా చేతికి ఏమి మిగులునని రైతు వ్రేళ్ళు మడిచి లెక్కించవలసి వచ్చును. కాయ కోయవలెనా, చేనిలోనే వదలివేయవలెనా అను ప్రశ్నకు జవాబు ఆ లెక్కలోనే యుండును.

కూలి రేటును గాని, యార్డు ధరను గాని రైతు ఒక్కడు మార్చలేడు. డీజిల్ ఖర్చు అట్లు గాదు. అది చాలవరకు బండి యజమాని చేతిలోను, డ్రైవరు కాలిక్రిందను ఉన్నది. నేడు గ్రామములలో ఎడ్లబండ్లు చేయు పనిని పికప్ బండ్లు చేయుచున్నవి. ఎడ్లకు ఎంత దాణా పెట్టినదియు, అవి ఎంత పని చేసినదియు మన పెద్దలు కనిపెట్టియుండెడివారు. పికప్ బండి త్రాగు డీజిల్‌ను గురించి మాత్రము “బాగానే ఇచ్చుచున్నది” అనుటయే గాని లెక్క చెప్పగలవారు తక్కువ. ఈ లెక్క పెట్టు విధమును, ఖర్చు తగ్గించు మార్గములను ఇందు వివరింతుము.

ముందు కొలువవలెను

కొలువని దానిని పొదుపు చేయలేము. మీటరు బోర్డుమీది ముల్లును, డ్రైవరు మాటను నమ్మి కూర్చుండక నిండు ట్యాంకు పద్ధతిని అనుసరించవలెను. ఇది చాల సులభము. ఒకనాడు బంకులో పంపు నాజిల్ తనంతట తాను ఆగువరకు డీజిల్ పోయించి, కిలోమీటర్ల అంకెను వ్రాసికొనవలెను. మరల పోయించునప్పుడు, వీలైనచో అదే బంకులో, అట్లే నాజిల్ ఆగువరకు నింపించి, పట్టిన లీటర్లను, అప్పటి కిలోమీటర్ల అంకెను వ్రాయవలెను.

ఉదాహరణకు మొదటిసారి అంకె 24,310, రెండవసారి 24,742 అనుకొందము. నడచినది 432 కిలోమీటర్లు. రెండవసారి పట్టిన డీజిల్ 36 లీటర్లు. 432ను 36చే భాగించిన 12 వచ్చును. అనగా బండి లీటరుకు 12 కిలోమీటర్లు నడచినది. ఒక్కసారి లెక్కతో తృప్తిపడరాదు. వరుసగా మూడుసార్లు చూచి సగటు తీసికొన్నచో నిజము తెలియును.

ఇందుకొక చిన్న పుస్తకమును బండిలోనే ఉంచవలెను. అందు ఐదు గళ్ళు గీసిన చాలును: తేదీ, కిలోమీటర్ల అంకె, పోయించిన లీటర్లు, మోసిన క్వింటాళ్ళు, బండికి చేసిన మరమ్మతు. ఈ పుస్తకము మీ బండికి వైద్యుని చీటీ వంటిది. 12 ఇచ్చుచున్న బండి ఒక నెలలో 10కి దిగినచో ఏదో జబ్బు చేసినదని అర్థము. అది ముదరకముందే పట్టుకొనవచ్చును.

లీటరు లెక్క చాలదు, క్వింటాలు లెక్క కావలెను

ఇచ్చట రైతులు శ్రద్ధగా గమనింపవలసిన విషయ మొకటి గలదు. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు నడచినదని మాత్రమే చూచినచో మోసపోవుదుము. బండి కొనినది కిలోమీటర్ల కొరకు గాదు, సరుకు కొరకు. కావున ఒక క్వింటాలు సరుకు మార్కెట్టు చేరుటకు ఎంత డీజిల్ పట్టినదని చూడవలెను.

మీ ఊరినుండి యార్డు 30 కిలోమీటర్ల దూరమని, మీ బండి 15 క్వింటాళ్ళు మోయునదని అనుకొందము. పూర్తి బరువుతో పోవునప్పుడు లీటరుకు 12 కిలోమీటర్లు, ఖాళీగా వచ్చునప్పుడు 15 ఇచ్చుననుకొందము. పోవుటకు 2.5 లీటర్లు, వచ్చుటకు 2 లీటర్లు, మొత్తము 4.5 లీటర్లు అగును. 15 క్వింటాళ్ళకు పంచిన క్వింటాలుకు 0.3 లీటరు పడును.

అదే బండిలో 5 క్వింటాళ్ళే వేసికొని పోయినారనుకొందము. బరువు తక్కువగుటచే పోవునప్పుడు లీటరుకు 14 కిలోమీటర్లు వచ్చును. పోవుటకు 2.14 లీటర్లు, వచ్చుటకు 2 లీటర్లు, మొత్తము 4.14 లీటర్లు. లీటరు లెక్క చూచిన ఇదియే మేలుగా కనబడును. మొదటి ప్రయాణమున సగటు 13.3 కాగా ఇందు 14.5 వచ్చినది. క్వింటాలు లెక్క చూచినచో 0.83 లీటరు పడినది! డీజిల్ లీటరు నూరు రూపాయలని సులభముగా లెక్కించిన, మొదటి ప్రయాణములో క్వింటాలుకు 30 రూపాయలు, రెండవదానిలో 83 రూపాయలు. కిలో నాలుగు రూపాయల ధరకు క్వింటాలు టమాటా నాలుగు వందలు పలుకును. అందులో 53 రూపాయలు ఊరక పొగ గొట్టమున పోయినవన్న మాట.

బండి బరువును లాగుటకంటె బండి తన్ను తాను లాగికొనుటకే ఎక్కువ డీజిల్ ఖర్చగును. అందుచేతనే సగము ఖాళీగా పోవు బండి ఎల్లప్పుడును నష్టమే.

కలిసి పోవుట, తిరుగు బరువు

దీనినుండి రెండు పనులు తేలుచున్నవి. మొదటిది, ఇరుగుపొరుగు రైతులు కలిసి సరుకు పంపుట. ముగ్గురు రైతులు తలకు 5 క్వింటాళ్ళు వేరువేరుగా తీసికొనిపోయిన సుమారు 12.4 లీటర్లు అగును. ఒక్క బండిలో పంపిన 4.5 లీటర్లతో పని తీరును. దాదాపు 8 లీటర్లు మిగులును. ఏ రైతు ఏ రోజున కోయుచున్నది ముందురోజు సాయంత్రమే తెలిసినచో ఇది సాధ్యమగును. గ్రామ వ్యవసాయ సహాయకులు, సహకార సంఘపు కార్యదర్శులు ఒక నల్లబల్లమీద ఈ వివరములు వ్రాసియుంచిన గ్రామమునకు గొప్ప మేలు చేసినవారగుదురు. ఎవరి క్రేట్లు ఎవరివో తెలియుటకు రంగు గుర్తులు వేసికొనిన తగవులు రావు.

రెండవది, వచ్చునప్పుడు ఖాళీగా రాకుండుట. ఎరువు మూటలు, పశువుల దాణా, సిమెంటు, విత్తనములు ఎట్లును పట్టణమునుండి రావలసినవే. వానికొరకు ప్రత్యేకముగా పోక, సరుకు అమ్మిన నాడే తెచ్చుకొనవలెను. పై ఉదాహరణములో తిరుగు ప్రయాణమున 10 క్వింటాళ్ళు తెచ్చినచో, 13 కిలోమీటర్ల చొప్పున 2.3 లీటర్లు పట్టును. రానుపోను 4.8 లీటర్లతో 25 క్వింటాళ్ళు చేరినవి. క్వింటాలుకు 0.19 లీటరు మాత్రమే!

బయలుదేరకముందు యార్డులోని ఆనాటి ధరను, సెలవులను ఫోనులో విచారించుకొనుట మరువరాదు. వట్టిచేతులతో మరలివచ్చిన ప్రయాణము కంటె గొప్ప డీజిల్ నష్టము వేరొకటి లేదు.

మితిమీరిన బరువు పొదుపు గాదు

పై లెక్క చూచి, “అట్లయిన 15కు బదులు 25 క్వింటాళ్ళు వేయుదము” అను ఆలోచన కొందరికి కలుగవచ్చును. అది తగదు. బండి రిజిస్ట్రేషను పత్రములో మొత్తము బరువు, ఖాళీ బండి బరువు వ్రాసియుండును. మొదటిదానినుండి రెండవది తీసివేయగా మిగిలినదే మీరు వేయదగిన బరువు. అందులో డ్రైవరు, కూలీలు కూడ చేరుదురు. అంతకు మించినచో కమాను పట్టీలు విరుగును, టైర్లు పేలును, బ్రేకులు పట్టవు. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము 194వ సెక్షను ప్రకారము అధిక బరువునకు 20,000 రూపాయల జరిమానా, ఆపైన ప్రతి టన్నుకు 2,000 రూపాయలు విధింపవచ్చును. నెలలకొలది మిగిల్చిన డీజిల్ ఒక్కనాటి జరిమానాకు చాలదు. ప్రాణనష్టము జరిగినచో ఏ లెక్కకును అందదు.

బరువును వెనుక చక్రములకు ముందుగా, ఇరుప్రక్కల సమముగా పేర్చవలెను. క్రేట్లను క్యాబిను ఎత్తునకు మించి పేర్చినచో గాలి ఎదురుతన్నును. పట్టాను బిగించి కట్టవలెను. టపటప కొట్టుకొను పట్టా డీజిల్‌ను తినును, తానును చినుగును.

టైర్లలో గాలి

బండి ఇరుసుకు కందెన వేయుట మన తాతలు ఎన్నడును మరువలేదు. నేటి బండికి టైర్ల గాలి అట్టిదే. ఎన్ని పౌన్ల గాలి ఉండవలెనో డ్రైవరు తలుపు ప్రక్కన అంటించిన పట్టీమీద గాని, కంపెనీవారి పుస్తకములో గాని ఉండును. బరువు వేసినప్పుడు వెనుక టైర్లకు ఎక్కువ గాలి కావలెను. గాలిని ఉదయమున, బండి నడువకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే చూడవలెను. కొంత దూరము నడచిన తరువాత టైరు వేడెక్కి నాలుగైదు పౌన్లు ఎక్కువ చూపును. అది చూచి గాలి తీసివేయుట పొరపాటు. మంచి టైరు కూడ నెలకు ఒకటి రెండు పౌన్లు తనంతట తాను కోల్పోవును. కావున పదునైదు రోజుల కొకసారి తప్పక చూడవలెను.

సగటున ఒక పౌను తగ్గిన మైలేజి నూటికి 0.2 వంతు తగ్గునని అమెరికా ప్రభుత్వపు ఇంధన లెక్కలు తెలుపుచున్నవి. పది పౌన్లు తగ్గిన నూటికి రెండు వంతులు. ఇది కొంచెమే గదా యనవచ్చును. కాని గాలి తక్కువైన టైరు అంచులు అరిగి, బరువుతో వేడెక్కి, ముందుగా పాడగును. టైరు వెల డీజిల్ వెలకంటె మిన్న. టైరు ఒకప్రక్కనే అరుగుచున్నచో చక్రములు వంకరగా నడచుచున్నవని గ్రహించి అలైన్‌మెంటు చేయించవలెను.

వేగము, గేర్లు

పికప్ బండి ముఖము వెడల్పుగా నుండుటచే గాలి గట్టిగా ఎదురు నిలుచును. ఈ గాలి నిరోధము వేగముతో సమముగా గాక, వేగము వర్గముతో పెరుగును. గంటకు 50 కిలోమీటర్ల వేగమును 70కి పెంచినచో గాలి నిరోధము దాదాపు రెండింతలగును. 1978లో భారత ప్రభుత్వ పెట్రోలియం శాఖ క్రింద ఏర్పడిన పెట్రోలియం పరిరక్షణ పరిశోధనా సంఘమువారు గంటకు 45 నుండి 55 కిలోమీటర్ల వేగము పొదుపునకు తగినదని ప్రచారము చేయుచు వచ్చినారు. 30 కిలోమీటర్ల దూరమును 70 వేగముతో పోయిన 26 నిమిషములు, 50 వేగముతో పోయిన 36 నిమిషములు పట్టును. తొందరపడి గడించినది పది నిమిషములే. పది నిమిషములు ముందు బయలుదేరిన ఆ తొందర అవసరము లేదు.

యాక్సిలరేటరును మెల్లగా తొక్కవలెను. ఇంజను ఇబ్బంది పడకుండ లాగగలిగినంతలో త్వరగా పై గేరునకు మార్చవలెను. ఇంజను అరచుచుండగా క్రింది గేరులో నడుపుటయు, గుడగుడలాడుచుండగా పై గేరులో లాగించుటయు, రెండును తప్పే. క్లచ్చిమీద కాలు ఆనించి నడుపు అలవాటు వలన క్లచ్చి ప్లేటు అరిగి, శక్తి వ్యర్థమగును. ముందున్న అడ్డును దూరమునుండియే చూచి యాక్సిలరేటరు వదలినవాడు బ్రేకు తక్కువ తొక్కును. తొక్కిన ప్రతి బ్రేకును అంతకుముందు కాల్చిన డీజిల్‌ను వేడిగా మార్చి పారవేయుటయే.

ఘాటు దిగునప్పుడు జాగ్రత్త

మదనపల్లెనుండి పీలేరు మీదుగా తిరుపతి పోవు దారిలో భాకరాపేట ఘాటు వంటి వాలు దిగవలసి యుండును. ఇట్టి చోట్ల డీజిల్ మిగులునని గేరు తీసి న్యూట్రలులో దించు డ్రైవర్లు కలరు. ఇది ప్రాణాపాయకరము. ఇంజను పట్టు తప్పి, భారమంతయు బ్రేకులమీద పడి, అవి వేడెక్కి పట్టకుండ పోవును. ఇంజను ఆపివేసినచో బ్రేకు సహాయ శక్తియు పోవును. పోనీ డీజిల్ మిగులునా యన్న అదియు లేదు. ఎలక్ట్రానిక్ ఇంజెక్షను గల నేటి బండ్లలో, గేరులో ఉంచి యాక్సిలరేటరు వదలి వాలు దిగునప్పుడు ఇంజనునకు డీజిల్ పూర్తిగా ఆగిపోవును. న్యూట్రలులో మాత్రము ఇంజను ఆగకుండుటకు డీజిల్ కాలుచునే యుండును. ఎక్కిన గేరులోనే దిగుట అను పాత నియమము భద్రతకును, పొదుపునకును నేటికిని సరియైనదే.

నిలిచిన బండి త్రాగు డీజిల్

యార్డు గేటువద్ద వరుసలో నిలిచినప్పుడు, క్రేట్లు దించునప్పుడు ఇంజనును ఆపకుండుట చాలమందికి అలవాటు. ఇట్టి బండి నిలిచియే గంటకు సుమారు అర లీటరు డీజిల్ కాల్చును. రోజునకు అరగంట చొప్పున ఏడాదిలో 200 రోజులు ఇట్లు జరిగిన 50 లీటర్లు వ్యర్థము. రెండు మూడు నిమిషములకు మించి నిలువవలసి యున్నచో ఇంజను ఆపుట మేలు. అయితే టర్బో గల ఇంజనును బరువుతో ఎత్తు ఎక్కిన వెంటనే ఆపరాదు. ఒక నిమిషము నెమ్మదిగా తిరగనిచ్చి ఆపవలెను.

ఇంజను ఆరోగ్యము

మట్టి రోడ్లలో తిరుగు బండికి ఎయిర్ ఫిల్టరు త్వరగా మూసికొనిపోవును. ఇంజనునకు గాలి చాలక డీజిల్ పూర్తిగా కాలదు. బరువు లాగునప్పుడు నల్లని పొగ వచ్చుచున్నచో మొదట చూడవలసినది ఈ ఫిల్టరునే. కాగితపు ఫిల్టరును నీటితోగాని, కిరోసినుతోగాని కడుగరాదు. తక్కువ ఒత్తిడి గాలిని లోపలినుండి వెలుపలికి ఊది దుమ్ము దులుపవలెను, గడువు మీరిన మార్చవలెను. ఫిల్టరు మార్చినను నల్లపొగ తగ్గనిచో ఇంజెక్టరు నాజిళ్ళను పరీక్ష చేయించవలెను. డీజిల్ ఫిల్టరు అడుగున చేరిన నీటిని కంపెనీవారు చెప్పిన విధముగా వదలుచుండవలెను.

ఇంజను వేడెక్కుచున్నదని కొందరు మెకానిక్కులు ధర్మోస్టాటును ఊడదీసి పారవేయుదురు. ఇది రోగమును వదలి గుర్తును తీసివేయుట. ధర్మోస్టాటు లేని ఇంజను తగిన వేడికి త్వరగా రాక, చల్లగా నడచి, ఎక్కువ డీజిల్ త్రాగును. రేడియేటరు మూసికొనినదా, నీరు తక్కువైనదా, ఫ్యాను బెల్టు వదులైనదా యని చూచి అసలు లోపమును సవరించవలెను.

బ్రేకు పట్టియుండుట మరియొక దొంగ. పది కిలోమీటర్లు సమతల రోడ్డుమీద నడచిన పిదప బండి ఆపి, చక్రపు డ్రమ్ముల దగ్గరకు చేయి పోనిచ్చి వేడి చూడవలెను, తాకరాదు, కాలును. ఒక చక్రము తక్కినవానికంటె ఎక్కువ వేడిగా ఉన్నచో ఆ బ్రేకు వదలుట లేదని అర్థము.

2020 ఏప్రిలు 1 నుండి మనదేశమున అమ్ముచున్న కొత్త బండ్లు భారత్ స్టేజి ఆరు ప్రమాణమునకు చెందినవి. వీనిలో చాలవరకు పొగలోని మసిని పట్టు ఫిల్టరు పొగ గొట్టములో ఉండును. ఎల్లప్పుడును దగ్గర దూరములు మాత్రమే నడచిన ఆ మసి కాలక నిండిపోవును. దీపము వెలిగినప్పుడు నిర్లక్ష్యము చేయక, కంపెనీవారి పుస్తకములో చెప్పినట్లు కొంతసేపు ఒకే వేగముతో నడుపవలెను. ఫిల్టరును తొలగించుట చట్టవిరుద్ధము.

మోసపోకుడు

డీజిల్‌లో కిరోసిను కలిపిన ఖర్చు తగ్గునను మాట నమ్మరాదు. కిరోసినుకు డీజిల్ వలె జిడ్డుగుణము లేనందున పంపు, నాజిళ్ళు అరిగిపోవును. లీటరుకు మిగిల్చిన నాలుగు రూపాయలు వేలకొలది రూపాయల మరమ్మతుగా తిరిగివచ్చును. డీజిల్ పైపునకు కట్టు అయస్కాంతములు, ట్యాంకులో వేయు బిళ్ళలు మైలేజిని పెంచునని సంతలలో అమ్మువారు కలరు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇట్టి సాధనములను నూరుకు పైగా పరీక్షింపగా మిక్కిలి కొద్దిటిలో మాత్రమే ఏదో స్వల్ప ఫలితము కనబడినది. ఎవరైన అట్టి వస్తువును తెచ్చినచో మీ లెక్కల పుస్తకము చూపుడు. మూడు నిండు ట్యాంకుల ముందు, మూడు నిండు ట్యాంకుల తరువాత చూచి డబ్బిచ్చెదనని చెప్పుడు. నిలువగలిగినవాడు నిలుచును.

ఒక నెల పరీక్ష

పై చెప్పిన పనులలో చాలవాటికి పైసా ఖర్చు లేదు. ఈ నెల ఏమియు మార్పు చేయక లీటర్లు, క్వింటాళ్ళు వ్రాసికొనుడు. వచ్చు నెల గాలి సరిచూచి, వేగము తగ్గించి, ఇరుగుపొరుగుతో కలిసి నిండు బరువున పోయి, తిరుగు బరువు తెచ్చి మరల లెక్క చూడుడు. డ్రైవరునకు కూడ ఈ లెక్క చూపి, మిగిలినదానిలో కొంత అతనికి ఇచ్చినచో అతడే మీకంటె ఎక్కువ శ్రద్ధ వహించును.

ధర మంచిగా ఉన్న ఏడు ఈ పొదుపు మీ చేతికి అదనపు లాభము. ధర పడిపోయిన ఏడు ఇదియే కోసిన కాయకు కూలి గిట్టుబాటు చేయును. యార్డులో ధర ఎంత పలుకునో ఎవరును ముందుగా చెప్పలేరు. క్వింటాలుకు ఎంత డీజిల్ పట్టునో మాత్రము మీ పుస్తకము చెప్పగలదు. రైతు సోదరులు నేడే ఆ పుస్తకమును ప్రారంభింతురుగాక.